ఏడాదిగా నిలబడిన కారు: ఇరుక్కున్న బ్రేక్ డిస్క్ ఎలా తీస్తారు, తుప్పుకి రంగు ఎక్కడ వేయాలి, ఎక్కడ వేయకూడదు

మా మామూ కువైట్‌లో పని చేస్తారు. ఆయన చిన్న కారు నెల్లూరులో నానీ ఇంటి పక్కన రేకుల షెడ్డు కింద కవర్ కప్పుకుని నిలబడి ఉంటుంది. పోయినసారి ఆయన సెలవుకి వచ్చేసరికి ఆ కారు కదిలి 14 నెలలు అయింది. మధ్యలో ఒక వానాకాలం పూర్తిగా గడిచింది. మన నెల్లూరు వైపు అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి కదా. దానికి తోడు సముద్రం గాలి.

నాలుగు రోజుల్లో కడపలో షాదీ. నానీ, ఖాలా, ఇద్దరు పిల్లలు అందరూ ఆ కారులోనే ఆత్మకూరు, బద్వేలు మీదుగా వెళ్లాలి. కొత్త బ్యాటరీ పెడితే ఇంజన్ లేచింది. ఫస్ట్ గేర్ వేసి క్లచ్ వదిలితే మాత్రం బండి వెనక భాగం కిందికి కుంగింది తప్ప కదల్లేదు. మామూ ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కారు. వెనక నుంచి 'టక్' అని ఒక శబ్దం వచ్చింది, బండి ముందుకు దూకింది. "హో గయా" అన్నారు మామూ సంతోషంగా. ఆ టక్ అనే శబ్దం ఏంటో మాకు మర్నాడు గానీ తెలియలేదు.

ముందు చక్రాల నుంచి గర్రుమని శబ్దం వస్తోందని దగ్గర్లో ఉన్న ఒక షాపుకి తీసుకెళ్లాం. అక్కడి కుర్రాడు చక్రం కన్నాల్లోంచి టార్చ్ వేసి చూసి, డిస్కులు, క్యాలిపర్లు, బేరింగులు అన్నీ పోయాయి, 24 వేలు అవుద్ది అన్నాడు. మామూ ముఖం చూసి వెంటనే ఇంకో దారి కూడా చెప్పాడు. "లేదంటే మొత్తం రుద్ది ఎర్ర రంగు కొట్టిస్తా అన్నా, రెండున్నర వేలు. కొత్త బండిలా కనబడద్ది."

నేను కామర్స్ చదివినవాణ్ణి. బ్రేకుల గురించి నాకేమీ తెలీదు. కానీ ఒకే రోగానికి 24 వేల మందు, రెండున్నర వేల మందు రెండూ ఉన్నాయంటే ఎక్కడో లెక్క తప్పిందని అర్థమైంది. బండిని మెల్లగా ఇంటికి తెచ్చి, అబ్బాకి తెలిసిన ఒక పాత మెకానిక్ చాచాని పిలిపించాం. ఆయన ఆ షెడ్డులోనే రెండు పూటలు పని చేశారు. నేను పక్కనే స్పానర్లు అందిస్తూ కూర్చున్నాను. అప్పుడు చూసింది, తర్వాత చదివి సరిచూసుకున్నది కలిపి ఇక్కడ రాస్తున్నాను. గల్ఫ్‌లో ఉన్నవాళ్ల కారు ఇంట్లో నిలబడి ఉన్న కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి కాబట్టి.

తుప్పు ఎందుకు అంత గట్టిగా పట్టుకుంటుంది

మన దగ్గర నడిచే చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు, వెనక చక్రాలకి డ్రమ్ములు ఉంటాయి. డిస్క్‌ని కొందరు రోటర్ అని కూడా అంటారు. అది పోత ఇనుముతో చేసిన పళ్లెం. మధ్యలో టోపీలా ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ టోపీ భాగం హబ్ మీద కూర్చుంటుంది, దాని మీద చక్రం కూర్చుంటుంది. బయటి అంచు వైపు ఉండే నున్నటి భాగాన్ని రెండు ప్యాడ్లు రెండు పక్కల నుంచి నొక్కితే బండి ఆగుతుంది.

ఈ ఇనుముకి పై పూత ఉండదు. నున్నటి భాగంలో అయితే ఉండకూడదు కూడా. అందుకే ఒక రాత్రి వాన పడినా తెల్లారేసరికి డిస్క్ మీద నారింజ రంగు పొర కనబడుతుంది. దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు. నాలుగుసార్లు బ్రేక్ వేస్తే ప్యాడ్లే దాన్ని గీకేస్తాయి.

ప్యాడ్లు తగలని చోట పేరుకునే తుప్పు సంగతి వేరు. ముఖ్యంగా టోపీకీ హబ్‌కీ మధ్య ఉన్న సన్నటి సందు. అక్కడికి నీళ్లు వెళ్తాయి, తొందరగా ఆరవు. ఇనుము తుప్పుగా మారితే అది ముందున్న దాని కంటే రెండు రెట్లకి పైగా చోటు తీసుకుంటుంది. సందు చిన్నది, తుప్పు పెరుగుతోంది, ఇంకెక్కడికి పోతుంది? రెండు భాగాలనీ బిగించేస్తుంది. మామూలుగా చక్రం, క్యాలిపర్ తీసేశాక చేత్తో లాగితే ఊడి రావాల్సిన డిస్క్, వెల్డింగ్ చేసినట్టు కూర్చుండిపోతుంది. సముద్రం గాలిలో ఉండే ఉప్పు ఈ పనిని ఇంకా తొందర చేస్తుంది.

చాచా డిస్క్ ఎలా తీశారు

ముందు నేల చదునుగా ఉందా అని చూశారు. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేశారు. వెనక చక్రాలకి ముందూ వెనకా ఇటుకలు పెట్టించారు. జాకీ ఎత్తాక దాన్ని నమ్మకుండా కింద ఇనుప స్టాండు పెట్టారు. కారు కొనేటప్పుడు ఇచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికి మాత్రమే. దాని మీద బండిని నిలబెట్టి సుత్తితో కొట్టే పని చేస్తే బండి పక్కకి జారుతుంది. ఈ పని ఇంట్లో చేద్దామనుకునేవాళ్లు స్టాండు లేకపోతే అసలు మొదలుపెట్టకండి.

చక్రం తీశాక క్యాలిపర్ వెనక బోల్టులు విప్పి దాన్ని పక్కకి తీశారు. దాన్ని వేలాడనివ్వకుండా ఒక తీగతో స్ప్రింగుకి కట్టారు. క్యాలిపర్ బరువంతా బ్రేక్ గొట్టం మీద పడితే లోపల గొట్టం చిరుగుతుంది. పైకి ఏమీ కనబడదు, ఎప్పుడో రోడ్డు మీద బయటపడుతుంది. తర్వాత క్యాలిపర్‌ని పట్టుకుని ఉండే బ్రాకెట్ కూడా విప్పారు. కొన్ని కార్లలో డిస్క్‌ని హబ్‌కి పట్టి ఉంచే చిన్న స్క్రూ ఒకటో రెండో ఉంటాయి. అవి తుప్పు కింద దాగి ఉంటాయి. వాటిని చూడకుండా డిస్క్‌ని కొడుతూ పోయేవాళ్లు ఉన్నారట. మామూలు స్క్రూడ్రైవర్‌తో గట్టిగా తిప్పితే స్క్రూ తల అరిగిపోతుంది. దానికి ఇంపాక్ట్ డ్రైవర్ అని వేరే పనిముట్టు ఉంది, సుత్తితో కొడితే నొక్కుతూ తిరుగుతుంది.

ఇక అసలు పని. హబ్ మధ్యలో గుండ్రటి సందు చుట్టూ, నట్లు ఎక్కే బోల్టుల చుట్టూ తుప్పు వదిలించే స్ప్రే కొట్టారు. కొట్టి, చాయ్ అడిగారు. నేను వెంటనే సుత్తి తెచ్చి ఇస్తే నవ్వారు. "బేటా, ముందు నూనెని పని చెయ్యనీ. తర్వాత మనం చేద్దాం." అరగంట ఆగారు, మళ్లీ కొట్టారు, మళ్లీ ఆగారు. ఆ సందులోకి నూనె దిగడానికి టైం పడుతుంది. మొండిగా ఉంటే రాత్రంతా వదిలేసినా తప్పు లేదన్నారు.

తర్వాత సుత్తి తీసుకున్నారు. కొట్టింది మాత్రం టోపీ భాగం మీద, బోల్టుల మధ్యలో. అదీ చెక్క ముక్క అడ్డం పెట్టి, ఒకే చోట కాకుండా డిస్క్‌ని తిప్పుతూ చుట్టూ కొట్టారు. ఆ దెబ్బలకి సందులో తుప్పు పగుళ్లు ఇస్తుంది. ఉద్దేశం అంతే. పెద్ద సుత్తితో అంచు మీద బాదితే డిస్క్ వంగుతుంది, ఆ దెబ్బ నేరుగా వీల్ బేరింగ్‌కి తగులుతుంది. మొదటి షాపు కుర్రాడు బేరింగులు పోయాయి అన్నాడు. చాచా హబ్‌ని చేత్తో తిప్పి చూపించారు, శబ్దం లేదు, ఆట లేదు. బాగానే ఉన్న బేరింగ్‌ని డిస్క్ తీసే తొందరలో పాడు చేసి, తర్వాత దానికి కూడా బిల్లు వేయడం ఈ పనిలో మామూలేనని ఆయన అన్నది విని నాకు ఒళ్లు మండింది.

ఎడమ డిస్క్ సుత్తి దెబ్బలకే వచ్చేసింది. కుడిది రాలేదు. అప్పుడు చాచా టోపీ మీద ఎదురెదురుగా ఉన్న రెండు చిన్న కన్నాలు చూపించారు. లోపల థ్రెడ్ ఉంది. చాలా కార్ల డిస్కులకీ డ్రమ్ములకీ కంపెనీయే ఈ కన్నాలు ఇస్తుంది, సాధారణంగా 8 మిల్లీమీటర్ల బోల్టు సరిపోతుంది. రెండు బోల్టులు ఎక్కించి, ఇటు అర చుట్టు, అటు అర చుట్టు తిప్పుకుంటూ పోవాలి. బోల్టు కొన వెనక ఉన్న హబ్‌ని తంతుంది, డిస్క్ ముందుకి జరుగుతుంది. ఒకే బోల్టుని బిగిస్తూ పోతే థ్రెడ్ తెగుతుంది. బిగించడం, మధ్యలో సుత్తితో నాలుగు దెబ్బలు, మళ్లీ బిగించడం. ఆరేడు సార్లు అయ్యాక 'ఠాప్' అని ఊడింది. ఎర్రటి పొడి జలజలా రాలింది.

దీనికీ రాకపోతే గ్యాస్ మంట పెట్టి టోపీని వేడి చేసే పద్ధతి ఉంది. అది ఇంట్లో చేసే పని కాదు. దగ్గర్లో బేరింగ్ గ్రీజు, రబ్బరు, ఏబీఎస్ సెన్సర్ వైరు ఉంటాయి. పైగా అంతకు ముందే కొట్టిన స్ప్రే అంటుకుంటుంది.

ఆ టక్ శబ్దం

వెనక డ్రమ్ములు విప్పినప్పుడు గానీ అసలు సంగతి తెలియలేదు. మామూ కువైట్ వెళ్లేటప్పుడు జాగ్రత్త కోసం హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి వెళ్లారు. 14 నెలలు బ్రేక్ షూలు డ్రమ్ముకి ఒత్తుకునే ఉన్నాయి. తడికి, తుప్పుకి రెండూ అతుక్కుపోయాయి. మేం బలవంతంగా బండి లాగినప్పుడు షూ మీద అతికించి ఉండే లైనింగ్ పెళ్లలా లేచిపోయింది. ఒక పక్క సగం లైనింగ్ విరిగి డ్రమ్ము లోపల దొర్లుతోంది.

ఆ రోజు బండి కదిలింది, పెడల్ తొక్కితే ఆగింది కూడా. ఎందుకంటే ముందు బ్రేకులు పని చేస్తున్నాయి. ఆ విరిగిన ముక్క 80 స్పీడులో డ్రమ్ముకీ షూకీ మధ్య ఇరుక్కుంటే వెనక చక్రం ఉన్నట్టుండి లాక్ అయ్యేది. లోపల నానీ, పిల్లలు. ఎర్ర రంగు కొట్టించుకుని బయల్దేరి ఉంటే ఇది ఎవరూ చూసేవాళ్లు కాదు.

నిలబడిపోయిన బండి చక్రాలు పట్టేస్తే ఇంజన్ బలంతో లాగకండి. వెనక చక్రాలు ఎత్తి, హ్యాండ్ బ్రేక్ పూర్తిగా వదిలి, డ్రమ్ము చుట్టూ మెల్లగా తట్టాలి. డ్రమ్ము అరిగి లోపల అంచు లేచి ఉంటే షూలు ఆ అంచుకి తగులుకుంటాయి. అప్పుడు వెనక ఉన్న అడ్జస్టర్‌ని వదులు చేసి షూలని లోపలికి దింపాకే డ్రమ్ము వస్తుంది.

ఇంకో మాట. డ్రమ్ము విప్పగానే నల్లటి పొడి కనబడుతుంది. దాన్ని నోటితో ఊదడం, గాలి పైపుతో కొట్టడం మన షాపుల్లో రోజూ చూస్తాం. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, ఆ ధూళి ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. తడి గుడ్డతో తుడవాలి, లేదా బ్రేక్ క్లీనర్ స్ప్రే కొట్టాలి. ముక్కుకి మాస్క్ కట్టుకోవాలి, పిల్లల్ని అటు రానివ్వకూడదు.

ఉంచాలా, మార్చాలా

డిస్క్ అంచు మీద కనీస మందం ఎంతో అంకె పోసి ఉంటుంది. ఉదాహరణకి కొత్తగా ఉన్నప్పుడు 17 మిల్లీమీటర్లుండే డిస్క్‌కి కనీసం 15 అని ఉండొచ్చు. వెర్నియర్‌తో కొలిచి చూస్తే చాలు, వాదన అక్కర్లేదు. మా డిస్కుల మందం సరిపోయింది. కానీ ఏడాది పాటు ప్యాడ్ ఒకే చోట ఆనుకుని ఉండటం వల్ల అక్కడ తుప్పు లోతుగా తినేసి గుంటలు పడ్డాయి. గోరు తగులుతోంది. రెండు డిస్కులూ మార్చాం. డిస్కులు, ప్యాడ్లు ఎప్పుడూ కుడి ఎడమ జతగానే మార్చాలి, లేకపోతే బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది. వెనక డ్రమ్ములు శుభ్రం చేస్తే సరిపోయాయి, షూలు నాలుగూ కొత్తవి వేశాం. క్యాలిపర్లకి ఏమీ కాలేదు. వాటి జారుడు పిన్నులు మాత్రం బిగుసుకుపోయి ఉంటే తీసి శుభ్రం చేసి, బ్రేకుల కోసం అమ్మే గ్రీజు రాశారు. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బిపోతుంది.

అన్నీ కలిపి, కూలీతో సహా 9,200 అయింది. మొదటి షాపు చెప్పిన 24 వేలల్లో ఎక్కువ భాగం క్యాలిపర్లు, బేరింగులదే. అంటే పాడవ్వనివాటిదే.

రంగు సంగతి

మామూకి ఆ ఎర్ర రంగు మీద మనసు పోలేదు. చాచా కాదనలేదు. రంగు మంచిదే, తుప్పుని నిజంగానే ఆపుతుంది, కాకపోతే ఎక్కడ వేయాలో తెలిసి వేయాలి అన్నారు.

క్యాలిపర్ బయటి భాగం, డిస్క్ టోపీ బయటి వైపు, డ్రమ్ము బయటి వైపు వేసుకోవచ్చు. ప్యాడ్ తగిలే నున్నటి భాగం మీద ఒక్క చుక్క కూడా పడకూడదు. పడితే తొలి బ్రేకుల్లోనే ఆ రంగు కరిగి ప్యాడ్‌కి పట్టుకుంటుంది, బండి ఆగాల్సిన చోట జారుతుంది. ప్యాడ్ రంగుని పీల్చుకుంటే దాన్ని పడేయడమే. ఇంకా క్యాలిపర్ పిస్టన్, దాని రబ్బరు తొడుగు, జారుడు పిన్నులు, గాలి తీసే నిపుల్, గొట్టం, సెన్సర్ వీటి మీద టేపు వేసి మూసెయ్యాలి.

చాలామందికి తెలియని చోటు ఒకటుంది. టోపీ మీద చక్రం ఆనుకునే ముఖం, డిస్క్ వెనక హబ్‌కి ఆనుకునే ముఖం. రంగు వేస్తే అక్కడ కూడా నిండుగా వేసేస్తారు. ఆ రెండు ముఖాలూ ఇనుముకి ఇనుము ఆనాలి. మధ్యలో మందంగా రంగు పొర ఉంటే కొన్నాళ్లకి అది నలిగి పోతుంది, అంత మేర నట్లు వదులవుతాయి. తుప్పు పెళ్లలు మిగిలినా ఇబ్బందే. డిస్క్ కాస్త వంకరగా కూర్చుని, బ్రేక్ తొక్కినప్పుడల్లా పెడల్ కాలి కింద దడదడలాడుతుంది. అందుకే చాచా కొత్త డిస్క్ పెట్టే ముందు హబ్‌ని వైరు బ్రష్‌తో, ఎమరీ కాగితంతో తళతళలాడేదాకా రుద్దారు. మధ్య గుండ్రటి అంచుకి మాత్రం ఇరుక్కోకుండా ఉంచే పేస్టు పల్చగా వేలితో రాశారు. మళ్లీసారి సుత్తి అవసరం పడకుండా.

రంగు డబ్బా కొనేటప్పుడు అది ఎంత వేడి తట్టుకుంటుందో డిగ్రీల్లో చూసుకోండి. క్యాలిపర్ల కోసమని విడిగా స్ప్రేలు అమ్ముతారు. గేటుకి వేసే ఎనామిల్ వేస్తే బ్రేకు వేడికి బొబ్బలెక్కి రాలిపోతుంది. తుప్పు పెళ్లలన్నీ బ్రష్‌తో గీకి, నూనె మరకలు పూర్తిగా కడిగి, ఆరాక పల్చటి కోటింగులు రెండు మూడు వేయాలి, కోటింగుకీ కోటింగుకీ మధ్య డబ్బా మీద రాసినంత సేపు ఆగాలి. తుప్పు మీదే రంగు వేస్తే లోపల తుప్పు పెరుగుతూనే ఉంటుంది, ఏడాదికి రంగు పెచ్చుగా లేస్తుంది. ఇంకో సంగతి, బ్రేక్ ఆయిల్ రంగుని తినేస్తుంది. రంగు వేసిన చోట ఒలికితే వెంటనే నీళ్లతో కడిగేయాలి. బండి బాడీ పెయింట్‌కి కూడా ఇదే వర్తిస్తుంది.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకి కూడా ఇది పనికొస్తుంది. చక్రం కన్నాల్లోంచి చూడండి. క్యాలిపర్లు నిగనిగలాడుతూ, డిస్క్ నున్నటి భాగం మీద కూడా రంగు తుంపరలు కనబడితే ఆ బండికి అమ్మడం కోసమే రంగు వేశారన్నమాట. చక్రం విప్పి చూపించమనండి.

బండి తీసే ముందు

కొత్త డిస్కుల మీద తుప్పు రాకుండా ఫ్యాక్టరీలో నూనె పూస్తారు. బ్రేక్ క్లీనర్‌తో తుడిచాకే బిగించాలి. నట్లని వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి, ఎంత బలంతోనో కారు మాన్యువల్లో ఉంటుంది. 100 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఇంజన్ స్టార్ట్ చేసి బండి కదిలించే ముందే పెడల్‌ని చాలాసార్లు తొక్కాలి. కొత్త ప్యాడ్లు పట్టడానికి పిస్టన్‌ని వెనక్కి నెట్టి ఉంటారు. మొదటిసారి తొక్కితే పెడల్ నేల దాకా పోతుంది, బ్రేక్ ఉండదు. ఇది మర్చిపోయి రివర్స్‌లో గోడకి గుద్దినవాళ్లు ఉన్నారని చాచా చెప్పారు. పెడల్ గట్టిపడ్డాకే గేర్ వేయాలి. తర్వాత ఖాళీ రోడ్డు మీద మెల్లటి స్పీడుల నుంచి సున్నితంగా పదిహేను ఇరవై సార్లు బ్రేక్ వేసి, ప్యాడ్లని డిస్కుకి అలవాటు చేయాలి. మేం షాదీకి ముందు రోజు సాయంత్రం అదే పని చేశాం. బ్రేక్ ఆయిల్ కూడా మార్పించాం. అది గాల్లో తడిని పీల్చుకుంటుంది, అందుకే బండి తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్చమంటారు.

మామూ తిరిగి కువైట్ వెళ్లేటప్పుడు కారుని ఈసారి వేరేగా నిలబెట్టాం. హ్యాండ్ బ్రేక్ లాగలేదు. ఫస్ట్ గేర్‌లో ఉంచి చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టాం. కవర్ లోపల తడి నిలవకుండా కింద నుంచి గాలి ఆడేలా కొంచెం ఎత్తి కట్టాం. కడిగిన రోజు అలాగే నిలబెట్టకుండా ఓ రౌండు తిప్పి, బ్రేకులు ఆరాకే షెడ్డులో పెడుతున్నాం. తాళాలు నా దగ్గరే ఉన్నాయి. ఊరికే స్టార్ట్ చేసి ఆపేస్తే బ్రేకులకి లాభం లేదు కాబట్టి, ప్రతి ఆదివారం పొద్దున కోవూరు దాకా వెళ్లొస్తున్నాను. మూడో వారం నుంచి నానీ కూడా ముందు సీట్లో రెడీగా కూర్చుంటోంది.